వెనకాలే వస్తాను

భద్రయ్య ఏ మాటనైనా బయటికి వదిలే ముందు నోట్లో ఒకసారి తిప్పి చూసుకునేవాడు, ముద్దలో రాయి తగులుతుందేమో అన్నట్టు. ‘ఏటి’ అని రాబోతే ‘ఏంటి’ చేసేవాడు. ‘సేసినాను’ అని నాలుక మీదికి వస్తే మింగేసి ‘చేశాను’ అనేవాడు. అలా తిప్పుకునే క్షణం ఎదుటివాళ్ళకు కనిపించేది గానీ, ఎందుకో తెలిసేది కాదు. మితభాషి అనుకునేవారు. బుద్ధిమంతుడని కూడా అనుకునేవారు.

ఈ అలవాటు కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో పట్టుకుంది. పాలకొండ అవతల ఒక పల్లెటూరి బడిలో చదివి వచ్చినవాడు మొదటిసారి క్లాసులో లేచి జవాబు చెబితే, జవాబు సరైనదే అయినా క్లాసంతా గొల్లుమంది. జవాబు తప్పయి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదు అని అతను చాలాసార్లు అనుకున్నాడు. ఎమ్.టెక్. కోసం ఖరగ్‌పూర్ వచ్చేసరికి ఆ యాసను ఒంటి మీది మట్టి కడుక్కున్నట్టు పూర్తిగా కడిగేసుకున్నాడు. ఏ ఊరని అడిగితే ‘వైజాగ్’ అనేవాడు. వైజాగ్ అతను రైలు కిటికీలోంచి చూసిన ఊరు.

హాస్టల్లో స్నేహితులిద్దరు. రంగనాథ్‌ది విజయవాడ, మురళీది హైదరాబాద్. మంచివాళ్ళే. పరీక్షల ముందు తమ నోట్సు ఇచ్చేవారు, జ్వరమొస్తే మెస్ నుంచి రొట్టె తెచ్చేవారు. వాళ్ళ మధ్య కూర్చున్నంతసేపూ భద్రయ్య మాత్రం అద్దెకు తెచ్చుకున్న చొక్కా తొడుక్కున్నవాడిలా మెదలకుండా ఉండేవాడు.

మాటను తిప్పుకోనక్కర లేని ఇల్లు ఊళ్ళో ఒక్కటే ఉంది. అది తాల్‌బగీచాలో ఉంది.

రెండేళ్ళ కిందట రైలు దిగిన రోజున, ట్రంకుపెట్టె నెత్తినెత్తుకుని, ఎటు పోవాలో తెలియక, “ఇప్పుడేటి సేసీది బాబూ” అని తనలో తను అనుకున్నాడు. పక్కనుంచి పోతున్న ఖాకీ చొక్కా మనిషి టక్కున ఆగాడు. “ఏ ఊరు నాయనా నీది?” అన్నాడు. ఆయన సొలొమోను. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల నాడే పార్వతీపురం వైపునుంచి రైల్వే పనికొచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆ పూటే పెట్టెతో సహా ఇంటికి తీసుకుపోయాడు.

ఇంట్లో సొలొమోను తల్లి జ్ఞానరత్నం, భార్య స్వర్ణకుమారి, కొడుకు తిమోతి. తిమోతి భద్రయ్య ఈడువాడే, తండ్రి పనిచేసే షాపులోనే అప్రెంటిస్. ముసలామెకు సుగర్ జబ్బు, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఎదుట మనిషి నిలబడితే వెలుతురుకు ఏదో అడ్డొచ్చిందని తెలిసేది, అంతే. భద్రయ్య నోరు తెరవగానే ఆమె చేయి చాచి అతని మణికట్టు పట్టుకుంది.

“ఓలమ్మ! ఈ గుంటడిది మా కన్నోరి మాటే. ఇంకోపాలి మాటాడు నాయనా.”



“ఏటి మాటాడమంటావు మామ్మా?” అన్నాడు.

“అదే. ఆ ఏటే. దాని కోసమే సెవి కోసుకున్నాను” అని ఆమె పళ్ళు లేని నోటితో నవ్వింది.

అప్పటినుంచి పరీక్ష అనీ పండగ అనీ లేదు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్కడే. మెస్‌లో ఆవనూనె కూరలు తిని విసిగినవాడికి స్వర్ణకుమారి చింతపండు పులుసు పెట్టేది. స్వర్ణకుమారి అత్త అయింది, సొలొమోను మావ అయ్యాడు, తిమోతి ‘బావ్’ అని పిలవడం మొదలుపెట్టాడు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చాపలు పరిచి, వస్తామన్న వాళ్ళందరికీ కంచాలు పెట్టేవారు. వస్తామన్నవాళ్ళలో ఏ ఒక్కరు రాకపోయినా ముసలామె ప్రార్థన మొదలుపెట్టదు. ప్రార్థన కానిదే ఎవరూ ముద్ద ముట్టరు. ఆమె భర్త ఆవిరింజన్ల మీద ఫైర్‌మేన్‌గా పనిచేసిన కాలం నాటి పద్ధతి అది. డ్యూటీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. రాలేనని తెలిస్తే కాల్‌బాయ్ చేత కబురు పంపేవాడు. కబురు వస్తే తినేసేవారు. కబురు రాకపోతే కూర్చునేవారు. ఆయన పోయి పదేళ్ళు దాటినా పద్ధతి పోలేదు. స్వర్ణకుమారి అప్పుడప్పుడు విసుక్కునేది. “మా మావ రైలింజనూ పోనాది, కాల్‌బాయీ పోనాడు, ఈ కాపలా మట్టుకు పోనేదు బాబూ” అనేది.

ఆ యేడు, అంటే తొంభై ఒకటిలో, భద్రయ్య సమాంతర ప్రోగ్రామింగ్ అనే కోర్సు తీసుకున్నాడు. ఒకే పనిని నాలుగు ముక్కలు చేసి, నాలుగు ప్రాసెసర్ల చేత ఒకేసారి చేయించడం ఎలాగో నేర్పే చదువు అది. చెప్పేది మజుందార్ సార్. డిపార్ట్‌మెంట్ మొత్తానికి నాలుగు ప్రాసెసర్లున్న బోర్డు ఒక్కటే ఉండేది. ల్యాబ్ తలుపు పక్కన నల్లబోర్డు మీద ఎవరికి ఏ సమయమో సుద్దముక్కతో రాసేవారు. ఆ సమయం కోసం పిల్లలు కుళాయి దగ్గర బిందెల్లా వరుస కట్టేవారు.

భద్రయ్యకూ రంగనాథ్‌కూ కలిపి ఇచ్చిన పని ఇది. ఒక చదరపు ఇనుప రేకును ఒక అంచున కాలిస్తే, వేడి లోపలికి ఎలా పాకుతుందో లెక్కకట్టాలి. రేకును నాలుగు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ ఒక్కో ప్రాసెసరుకు అప్పగించారు. ప్రతి అడుగులోనూ ఒక్కొక్కటి తన పట్టీ లెక్క చూసుకుని, పక్క పట్టీతో అంచు వేడి ఎంతో చెప్పి పుచ్చుకోవాలి. నాలుగూ వచ్చి కలిసేదాకా ఏదీ తరువాతి అడుగు వేయకూడదు. కాగితం మీద చక్కగా ఉంది. మిషను మీద మాత్రం కొంత దూరం నడిచి ఆగిపోయేది. తప్పని చెప్పేది కాదు, తెర మీద అక్షరం కదిలేది కాదు. చచ్చిపోయిన మిషనూ ఎదురుచూస్తున్న మిషనూ బయటినుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి.

నెల గడిచింది. సోమవారం క్లాసు ముందు ప్రోగ్రామ్ నడిపి చూపించాలి. నడవకపోతే ఇద్దరికీ ఆ కోర్సు పోయినట్టే.

అదే నెలలో జ్ఞానరత్నం కుడికంటికి ఆపరేషన్ అయింది. ఆ వారమే కట్టు విప్పారు. కన్ను వచ్చింది. కొడుకు తల నెరిసిందని, కోడలు చిక్కిపోయిందని, గోడ మీద బల్లి ఉందని చూసిందల్లా చెప్పి ఇల్లు దద్దరిల్లగొట్టింది. ఆదివారం కృతజ్ఞత ప్రార్థన పెట్టుకుంది. ఆ రోజు భద్రయ్య తప్పకుండా రావాలంది. రెండేళ్ళుగా ఆమెకు అతని గొంతే తెలుసు, ముఖం తెలియదు.

“ఎలాగుంటావో నాను సెప్పీనా?” అంది కిందటి ఆదివారం. “సామనసాయ. ముక్కు కొద్దిగా సప్పిడి.”

“సరిగ్గా సెప్పినావు మామ్మా” అని నవ్వుతూ తిమోతి భద్రయ్య ముక్కు పట్టుకు లాగాడు.

ఆదివారం పొద్దెక్కాక ప్రేమ్ బజార్‌లో టీ దుకాణం బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. ఒడిలో కంప్యూటరు కాగితాలు పరుచుకుని, తప్పు ఎక్కడుందో వెతుకుతున్నారు. భద్రయ్య మనసులో ఒక కన్ను పొద్దు మీదే ఉంది. ఇంకాసేపట్లో లేవాలి. ఏదో సాకు చెప్పి, ఎప్పటిలాగే ఎక్కడికో చెప్పకుండా వెళ్ళాలి. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అదే చేస్తున్నాడు. ‘తెలిసినవాళ్ళింటికి’ అనేవాడు. ఆ ఇల్లు ఎవరిదో వీళ్ళకు తెలియదు.

ఇంతలో ఒక సైకిలు వచ్చి ముందు ఆగింది. తిమోతి. చర్చి బట్టలు, తెల్ల చొక్కా, తలకు నూనె మెరుస్తోంది.

“బావ్! ఇక్కడున్నావేటి? హాస్టలంతా ఎతికినాను. బేగి రా, మామ్మ తలుపు కాడే కూకుంది నిన్ను సూడ్డానికి.”

రంగనాథ్ కాగితాల మీదినుంచి తలెత్తాడు. మురళీ పెదవి బిగబట్టాడు, కానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది.

“ఏటి బావ్!” అన్నాడు రంగనాథ్ మెల్లిగా, తిమోతి గొంతులాగే. “బేగి రా బావ్!”

అప్పుడు భద్రయ్య నవ్వాడు.

ఎందుకు నవ్వాడో తరువాత ఎన్నిసార్లు తవ్వుకున్నా అతనికి కారణం దొరకలేదు. నవ్వాలని నవ్వలేదు. వాళ్ళిద్దరూ నవ్వారు, వాళ్ళతోపాటు తన ముఖం కూడా నవ్వింది. తిమోతి దాన్ని చూశాడు. హ్యాండిల్ మీద అతని చెయ్యి ఒకసారి బెల్లు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

“ఏరా, నీకు బావ ఎప్పుడయ్యాడు?” అన్నాడు మురళీ.

“వాళ్ళు అందర్నీ అలాగే పిలుస్తారు” అన్నాడు భద్రయ్య.

వాళ్ళు. ఆ మాట నోట్లో తిప్పుకోవలసిన పని కూడా లేకపోయింది. నున్నగా జారింది.

రానని చెబితే తిమోతి ఎందుకని అడుగుతాడు. అడిగితే ఇంకో నాలుగు మాటలు ఆ యాసలో ఈ బెంచీ ముందు రాలతాయి. వస్తానని లేస్తే వీళ్ళ ముందు ఆ సైకిలు వెనక కూర్చుని పోవాలి. వాడు ఇక్కడినుంచి కదిలితే చాలు అనిపించింది.

“మీరు వెళ్ళండి. నేను వెనకాలే వస్తాను” అన్నాడు.

మీరు అన్నాడు. రెండేళ్ళలో తిమోతిని అలా పిలవడం అదే మొదటిసారి.

తిమోతి ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, “ఠీక్ హై. ఎనకాలే ఒస్తన్నాడని సెప్తాను” అని సైకిలు తిప్పాడు.

వెళ్ళకూడదని భద్రయ్య అప్పటికేమీ అనుకోలేదు. కాస్త ఆగి వెళదామనుకున్నాడు. తిమోతి మొహం చూడడానికి కొంత వ్యవధి కావాలనిపించింది. అంతలో ఎవరో వచ్చి, మధ్యాహ్నం మిషను సమయం ఒక ఒరియా కుర్రాడు వదులుకున్నాడని చెప్పారు. రంగనాథ్ గబుక్కున లేచి ల్యాబ్‌కేసి పరుగెత్తాడు. భద్రయ్య అతని వెనక పరుగెత్తాడు. పరుగెడుతున్నప్పుడు తనకు ఎంత తేలికగా అనిపించిందో కూడా గుర్తుపెట్టుకున్నాడు. వెళ్ళకపోవడానికి గౌరవమైన కారణం దొరికింది.

ల్యాబ్‌లో చల్లగా ఉంది. ప్రతి అడుగులోనూ ఒక్కొక్క పట్టీ కలిసే చోటికి రాగానే ‘వచ్చాను’ అని తెర మీద రాయించాడు. ఒకటి వచ్చాను, రెండు వచ్చాను, మూడు వచ్చాను, నాలుగు వచ్చాను. మళ్ళీ ఒకటి, రెండు, మూడు, నాలుగు. చాలాసేపు అలా నడిచింది. తరువాత ఒకటి, రెండు, మూడు. అక్కడ ఆగిపోయింది.

“నాలుగోది ఏది?” అన్నాడు రంగనాథ్.

భద్రయ్య కుర్చీలో ముందుకు వంగాడు. నాలుగో పట్టీ మంటకు అన్నిటికన్నా దూరంగా, రేకు చల్లటి కొసన ఉంటుంది. అక్కడ వేడిలో మార్పు తొందరగా ఆగిపోతుంది. మార్పు లేకపోతే పని అయిపోయినట్టే అని అతనే రాశాడు. పని అయిపోగానే అది చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. మిగతా మూడింటికీ ఆ సంగతి తెలియదు. అది వస్తుందనే లెక్కలో ఉన్నాయి.

“పని లేకపోయినా రావాలి” అన్నాడు భద్రయ్య. “వచ్చి, నాకు పని లేదు, మీరు సాగండి అని చెప్పాలి.”

రెండు వరుసలు మార్చాడు. ప్రోగ్రామ్ మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పరుగెత్తింది. రంగనాథ్ అతన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. కిటికీలోంచి చూస్తే ఎండ వాలింది. తాల్‌బగీచా గుర్తొచ్చింది. ఈపాటికి తినేసి ఉంటారు అనుకున్నాడు. ఆ ఇంటి పద్ధతి తెలిసినవాడు అలా అనుకోవడానికి మనసు గట్టిగా మూసుకోవాలి. మూసుకున్నాడు.

మర్నాడు క్లాసులో అంతా బాగా జరిగింది. మజుందార్ సార్ ఎర్ర పెన్ను చెవి మీద పెట్టుకుని, చివరి బెంచీలో కూర్చుని చూశారు. అయ్యాక అడిగారు.

“నాలుగోది ఎందుకు వెళ్ళిపోయింది?”

“తన వాటాలో మార్పేమీ లేదు సార్. ఇక తనతో ఎవరికీ పని లేదనుకుంది.”

“అనుకుంది. మరి మిగతా మూడూ దాన్ని వదిలేసి ముందుకు పోవచ్చుగా?”

“అది రాదని వాటికి తెలియదు సార్.”

“ఎంతసేపు చూస్తాయి?”

“కరెంటు తీసేసేదాకా సార్.”

క్లాసంతా నవ్వింది. ఈసారి అతని మీద కాదు. సార్ కూడా నవ్వి, బుధవారం బయటినుంచి కొందరు పెద్దలు డిపార్ట్‌మెంట్ చూడడానికి వస్తున్నారు, వాళ్ళకు ఇది నువ్వే చూపించాలి అన్నారు. భద్రయ్య తన బెంచీకి తిరిగి వస్తుంటే నేల మెత్తగా ఉన్నట్టనిపించింది.

ఆ సాయంత్రం ప్రేమ్ బజార్‌లో మట్టికుండలో రసగుల్లాలు కట్టించుకుని తాల్‌బగీచాకు సైకిలు తొక్కాడు. దారిలో చెప్పవలసింది కూడబలుక్కున్నాడు. ‘అనుకోకుండా మిషను దొరికింది, వదులుకుంటే కోర్సు పోయేది.’ అబద్ధమేమీ కాదు. రెండుసార్లు అనుకున్నాక గానీ దాన్ని హాస్టలు తెలుగులో అనుకుంటున్నానని గమనించలేదు.

ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద నిన్నటి చాప చుట్టి నిలబెట్టి ఉంది. పక్కింటి జోగమ్మ వాకిట్లో కూర్చుని చేపలు తోముతోంది. తలెత్తి చూసి మళ్ళీ చేపల మీదికి వంచుకుంది.

“ఎవులూ లేరు. హస్పతాల్‌కి ఎల్లినారు.”

“ఎవరికి... ఏటయినాది?”

“నిన్న ముసిల్ది పడిపోనాది.” ఆమె ఒక చేప తోమడం ముగించి గిన్నెలో పడేసింది. “నువ్వు ఎనకాలే ఒస్తన్నావని తిమోతి సెప్పినాడు. అయితే బేగి కంచాలు పెట్టీమని, స్వర్ణ ఆయమ్మకి సుగర్ సూది ఏసీసినాది. ఆ సూది ఏసినాక కూడు తినకపోతే మనిసి సల్లబడిపోతాది, తెలుసు గందా. నువ్వు రానేదు. తినీయత్తా అని స్వర్ణ, తినీయే అమ్మా అని సొలొమోను. ఇన్నాదేటి? ఒస్తన్నాడని సెప్పినాడు గందా అంటాది. నోట్లో సిటికెడు పంచదారైనా ఏసుకోనేదు. నాను ఎల్లి సూస్తే అదుగో, ఆ మెట్టు మీద నిలబడున్నాది.”

జోగమ్మ తడిచేత్తో మెట్టు చూపించింది.

“నీ మొకం ఎరగదు. సైకిలెక్కి ఒచ్చినోడినల్లా, ఈడేనా, తిమోతీ, ఈడేనా అని అడిగినాది. సెమటలు పట్టీసినాయి. అలగలగే ముందుకి తూలిపోనాది. ఈ రాయే కొట్టుకున్నాది, ఆపరేషనైన కంటి మీద.”

భద్రయ్య చేతిలో రసగుల్లాల కుండ అప్పుడు అతనికి గుర్తొచ్చింది. సుగర్ ఉన్న మనిషికి రసగుల్లాలు తెచ్చాడు. దాన్ని ఆ అరుగు మీద పెట్టబోయి, పెట్టడానికి చేయి రాక, జోగమ్మ వాకిట్లో దించాడు.

రైల్వే ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు పొడుగ్గా ఉంది. భద్రయ్య గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కిటికీ పక్క మంచం మీద జ్ఞానరత్నం కూర్చుని ఉంది. కుడికంటి మీద దూది, దాని మీద తెల్లకట్టు. ఎడమకన్ను ఎప్పటిలాగే బూడిద రంగు గోళీ. స్వర్ణకుమారి క్యారియరు విప్పుతోంది. తిమోతి స్టూలు మీద ఉన్నాడు. ముందు అతనే చూశాడు.

భద్రయ్య మంచం దాకా నడిచి కాళ్ళ వైపు నిలబడ్డాడు. వెలుతురుకు అడ్డొచ్చినట్టుంది, ముసలామె తలెత్తింది.

“ఎవులు?”

తిమోతి చెప్పలేదు. స్వర్ణకుమారి క్యారియరు గిన్నె మీద చెయ్యి ఆపి అతన్నే చూస్తోంది. నోట్లో మాట ఉంది. దాన్ని తిప్పి చూసుకోవలసిన పని లేదు, ఇక్కడ ఎవరూ నవ్వరు. అయినా బయటికి రాలేదు. నిన్న ఆ యాసను చూసి నవ్విన నోటితో ఈ రోజు అదే యాసలో ఈమెను ఎలా పిలవాలో తెలియలేదు. మాట్లాడకుండా వెళ్ళిపోతే ఆమెకు వచ్చింది ఎవరో కూడా తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు అతని చెవులు కాలిపోయాయి.

“ఎవులు బాబూ?” అంది మళ్ళీ.

“నాను, మామ్మా.”

ఆమె ముఖం మొత్తం అటు తిరిగింది. “ఒచ్చినావా! సూసినావేటే స్వర్ణా? ఒస్తానన్నోడు ఒస్తాడని నాను సెప్పనేదా? మాట తప్పినాడు, మాట తప్పినాడని నిన్నటినుండి వొకటే పోరు ఈళ్ళిద్దరిదీ, మొగుడూ పెళ్ళాలది. ఇలా కూకో నాయనా.”

భద్రయ్య మంచం అంచున కూర్చున్నాడు. ఆమె వెతుక్కుని అతని మణికట్టు పట్టుకుంది, మొదటి రోజులాగే.

“పని పడిపోనాదా నిన్న?”

“మిషను దొరికినాది మామ్మా. అనుకోకుండా.”

“నడిసినాదా? నెల దినాలై నడవడం నేదని ఏడ్సినావు.”

“నడిసినాది.”

“దేవుడికి తోత్రం” అంది ముసలామె. “స్వర్ణా, పెట్టు కంచాలు. నిన్నటి ప్రార్థన అవనేదు. అందరం ఉన్నాము గందా.”

“నీ కొడుకు డ్యూటీలో ఉన్నాడత్తా.”

“ఆడు రానని పొద్దున్నే సెప్పినాడు. ఇంకేటి?”

క్యారియరు మూతలే కంచాలయ్యాయి. ఆమె తల వంచి ప్రార్థన చేసింది. కన్ను ఇచ్చినందుకు, పడినా ప్రాణం ఉంచినందుకు, కోడలి చేతి కూటికి కృతజ్ఞతలు చెప్పింది. తరువాత, “ఈ బిడ్డ మిషను నడిపించినావు తండ్రీ, నీకు వందనాలు” అంది. భద్రయ్య కళ్ళు మూసుకుని ఉండలేకపోయాడు. తెరిచాడు. ఎదురుగా తిమోతి కళ్ళు తెరిచే ఉన్నాయి, అతన్నే చూస్తున్నాయి. ఆమేన్ అనడానికి ఇద్దరికీ ఆలస్యమైంది.

భద్రయ్య అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. నమిలే చప్పుడు వినపడక ముసలామె, “ఏటి, తినడం నేదు?” అని అడిగింది. తిన్నాడు.

లేస్తుంటే ఆమె చెప్పింది. “బుధవారం పొద్దున్న కట్టు ఇప్పుతారట. సూపు ఉన్నాదో నేదో డాక్టరు బాబు అప్పుడు సెప్తాడు. ఆ యేళకి నువ్వుండాల. ఉంటే నీ మొకమే ముందు సూస్తాను. నేకపోతే నేదు.”

తిమోతి సైకిలు స్టాండు దాకా వచ్చాడు. ఇద్దరూ సైకిళ్ళ మధ్య నిలబడ్డారు. షంటింగ్ ఇంజను ఒకటి ఎక్కడో పెట్టెల్ని తగిలిస్తోంది. ఆ చప్పుడు ఒక కొసనుంచి ఇంకో కొసకు వరుసగా పోయింది.

భద్రయ్య చెప్పాలనుకున్నది చాలా ఉంది. నోరు తెరిస్తే, “క్షమించండి తిమోతీ” అని వచ్చింది. హాస్టలు మాట. పరాయివాళ్ళ కాలు తొక్కితే అనే మాట.

తిమోతి నేలకేసి చూస్తూ, “అండీ గిండీ ఆ టీ దుకాణం కాడే ఒగ్గీసి రావలసింది బావ్” అన్నాడు.

“తిమోతీ, నాను...”

“నువ్వు నవ్వినావని ఇంట్లో సెప్పనేదు. నీ కోసం కాదు. ఆయమ్మకి నీ మాటంటే మా ఊరే. అది తీసీలేక.” అతను సైకిలు సీటు మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. “నవ్వితే నవ్వినావు. మమ్మల్ని సూసి ఈ ఊళ్ళో బెంగాలీలు నవ్వుతారు, తెలుగోళ్ళూ నవ్వుతారు, పోన్లే. రానని ఒక్క ముక్క సెప్పీసుంటే మేం తినీసుందుం. అంతే గందా బావ్. అంతేనా, ఇంకేటైనా ఉందా?”

ఇంకేమీ లేదు. అంతే. నిన్న మధ్యాహ్నం తెర మీద ఒకటి, రెండు, మూడు అని ఆగిపోయిన అక్షరాలు అతని కళ్ళ ముందుకు వచ్చాయి. వాటిని చూసి తాను ఎంత సంబరపడ్డాడో గుర్తొచ్చింది. ఆ సమయానికే ఆమె మెట్టు మీద నిలబడి ఉంటుంది. క్లాసులో కరెంటు తీసేదాకా అన్నాడు. అందరూ నవ్వారు.

హాస్టలుకు చేరేసరికి మెస్‌లో భోజనాలు జరుగుతున్నాయి. రంగనాథ్ దూరంనుంచే చెయ్యి ఊపి పక్కన చోటు చూపించాడు. మురళీ కంచం తెచ్చి ముందు పెట్టాడు.

“ఎక్కడికి పోయావురా హీరో? సార్ నిన్ను తెగ పొగిడారు. బుధవారం పొద్దున పెద్దవాళ్ళొస్తున్నారు, నువ్వే చెప్పాలి, తెలుసుగా?”

భద్రయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాట వచ్చింది. తిప్పి చూసుకోలేదు.

“ఆస్పత్రికి ఎల్లినాను. మా మామ్మ పడిపోనాది. బుధవారం కంటి కట్టు ఇప్పుతారు.”

రంగనాథ్ బల్ల మీద గట్టిగా చరిచాడు.

“అబ్బ! అచ్చం వాడే! ఆ సైకిలువాడు! మురళీ, విన్నావా, ఎలా దించాడో!”

మురళీ తాగుతున్న నీళ్ళు పొరబోయి దగ్గుతున్నాడు. “ఇంకోసారి అనరా, ఇంకోసారి. ఇన్నాళ్ళూ ఈ విద్య దాచుకున్నావేంట్రా?” పక్క బల్ల దగ్గరి తెలుగు పిల్లలు కూడా ఇటు తిరిగారు.

రెండేళ్ళు అతను కష్టపడి దాచుకున్నది అంత బాగా దాగిపోయింది. తన సొంత నోటితో మాట్లాడితే ఎవరినో వెక్కిరిస్తున్నాడనుకుంటున్నారు. అలా అనుకోవడానికి వాళ్ళకు నిన్న కారణం ఇచ్చింది కూడా తనే.

“దించడం కాదు” అన్నాడు. “నా మాటే ఇది. మాది పాలకొండ పక్క పల్లి. నిన్న ఒచ్చినోడు మా బావే. బుధవారం నాను రాను. రానని ఇప్పుడే సెప్తన్నాను. నా కోసం సూడొద్దు.”

మళ్ళీ నవ్వారు. ఈసారి పక్క బల్లవాళ్ళు కూడా. కానీ ఆ నవ్వు అందరి దగ్గరా ఒకేసారి ఆగలేదు. మురళీ ముందు ఆగి భద్రయ్య ముఖం చూసి, గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. పక్క బల్ల తరువాత సద్దుమణిగింది. రంగనాథ్ ఒక్కడే ఇంకా భుజాలు కదుపుతున్నాడు.

తల ఎత్తి ఉంచాలని భద్రయ్య ప్రయత్నించాడు. చాతకాలేదు. కంచంలోకి చూస్తూ, రంగనాథ్ నవ్వు పూర్తిగా ఆగేదాకా కూర్చుని, అదే మాట మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.